వెనక బెంచీలో హెడ్మాస్టరు

గుంటూరు చుట్టుపక్కల బడుల నుంచి వచ్చిన హెడ్మాస్టర్లకు, టీచర్లకు నమస్కారం.

లెక్కల మాస్టారుగా నేను చేరిన మొదటి హైస్కూల్లో ఇద్దరు హెడ్మాస్టర్ల దగ్గర పనిచేశాను. బడి అదే, స్టాఫూ అదే. మొదటాయన టేబుల్ మీద హాజరు రిజిస్టరు, పక్కనే ఎర్ర పెన్ను. నిమిషం ఆలస్యమైతే పేరు చుట్టూ సున్నా. బస్సు రాలేదని చెప్పబోతే "రాసివ్వండి" అనేవారు. ఆర్నెల్లు తిరిగేసరికి అందరం టైముకి వస్తున్నాం. కానీ స్టాఫ్ రూములో మాటలు పోయాయి. ఫలానా పాఠం పిల్లలకు ఎక్కడం లేదని పక్కవాళ్లతో అనాలన్నా, అది ఆయన చెవిన ఎలా పడుతుందోనని భయం. ఆ టెన్షన్ మాతోపాటే క్లాసులోకి వచ్చేది. చిన్న తప్పుకే పిల్లల మీద అరిచాను. ఇప్పటికీ బాధపడతాను.

రెండో ఆయన వచ్చిన కొత్తలోనే, "రేపు మీ క్లాసులో కూర్చోవచ్చా మాస్టారూ?" అని అడిగారు. పదో తరగతి, సరూప త్రిభుజాలు. వెనక బెంచీలో కూర్చున్నారు, చేతిలో కాగితం కూడా లేదు. గంట కొట్టాక వరండాలో ఒక్క మాటే అన్నారు: "మూడో వరుసలో కిటికీ పక్క అమ్మాయి లెక్కంతా దించుకుంటోంది గానీ బొమ్మ గీయడం లేదు. రేపోసారి బోర్డు దగ్గరికి పిలవండి." పిలిచాను. ఒక త్రిభుజంలోని ఏ భుజానికి రెండోదానిలో ఏది అనురూప భుజమో ఆ పిల్లకి తెలియడం లేదు. ఇన్నాళ్లూ నా కళ్ల ముందే ఉంది, నేను గమనించలేదు. అదే వారం ఆయన తన ఇంగ్లీషు క్లాసుకి నన్ను పిలిచి, "నాదీ చూసి చెప్పండి" అన్నారు.

పిల్లల చదువుకు హెడ్మాస్టరు చేసే ఏ పని ఎక్కువ ఉపయోగపడుతుందని న్యూజిలాండ్ పరిశోధకురాలు వివియన్ రాబిన్సన్ బృందం పాత అధ్యయనాలను కలిపి చూసి, 2008లో ఫలితాలు ప్రచురించింది. టీచర్లు నేర్చుకునేలా చూస్తూ, అక్కడ తానూ కూర్చుని నేర్చుకోవడమే అన్నిటికన్నా ముందు నిలిచింది. అది చదవగానే నాకు ఆ వెనక బెంచీ గుర్తొచ్చింది.

మన దగ్గర మిరపకోతలు మొదలైతే పిల్లల హాజరు పడిపోతుంది కదా. మొదటాయన క్లాస్ టీచర్లను సంజాయిషీ అడిగారు. రెండో ఆయన సాయంత్రం మాతో కలిసి కూలీల ఇళ్లకు నడిచారు. అందరు పిల్లలూ తిరిగి రాలేదు. కానీ ఆ తర్వాత ఏ టీచరూ హాజరు లెక్క దాచలేదు.

మీ కష్టం నాకు తెలుసు. మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లలో ఫొటోలు, మీటింగులు. వీటితోనే పొద్దు గూకుతుంది. హెడ్మాస్టర్లను గుమస్తాలుగా మార్చడం అన్యాయమని పై అధికారులకూ చెబుతూనే ఉన్నాను. అయినా రోజుకో పీరియడ్ కాపాడుకోండి. ఫోను గదిలో పెట్టి, ముందురోజే ఆ టీచరుని అడిగి, వెనక బెంచీలో కూర్చోండి. మర్నాడు మీ క్లాసుకి వాళ్లను పిలవండి.