బాక్సాఫీస్‌కు విషం అన్నారు, సినిమా రైట్స్ చేత్తో పట్టుకుని తిరిగొచ్చింది: కేథరిన్ హెప్‌బర్న్

[తెర మీద: 1930ల నాటి సినిమా హాలు, టికెట్ కౌంటర్ దగ్గర ఎవరూ లేరు]

1938 మే నెల. అమెరికాలో సినిమా హాళ్ల యజమానుల సంఘం ఒకటి సొంత డబ్బు పెట్టి మరీ పత్రికలో ప్రకటన వేయించింది. అందులో ఏముందంటే, ఫలానా స్టార్లకు స్టూడియోలు భారీగా ముట్టజెబుతున్నాయి, వాళ్ల బొమ్మలకేమో జనం రావట్లేదు, వీళ్లు బాక్సాఫీస్‌కు విషం అని. పేర్లు కూడా అచ్చేశారు. గ్రేటా గార్బో, జోన్ క్రాఫర్డ్, మార్లిన్ డీట్రిక్... వాళ్లతో పాటు కేథరిన్ హెప్‌బర్న్.

మన ఫిల్మ్‌నగర్‌లో ఇలాంటివి ప్రకటనలు వేసి చెప్పరు. "ఐరన్ లెగ్" అని చెవులు కొరుక్కుంటారు. ఆ తర్వాత ఆ హీరోయిన్‌కు ఫోన్లు ఆగిపోతాయి, అంతే. వాళ్లు ఆ మాటే పేపర్లో వేశారు.

అప్పటికే హెప్‌బర్న్ ఇంట్లో ఒక ఆస్కార్ ఉంది. తర్వాత ఇంకో మూడు వచ్చాయి. నటనకు నాలుగు ఆస్కార్లు ఇప్పటికీ మరెవరికీ లేవు. అయితే ఈ వీడియోలో ఎక్కువసేపు మాట్లాడుకునేది అవార్డుల గురించి కాదు. ఆ ముద్ర చెరిపేసుకున్న రెండేళ్ల గురించి. నన్నడిగితే అందులో నటన ఎంత ఉందో అగ్రిమెంటు కూడా అంతే ఉంది.

[ఫొటో: యువతిగా హెప్‌బర్న్]

కొంచెం వెనక్కి వెళ్దాం. పుట్టింది 1907లో, కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లో. నాన్న డాక్టరు. అమ్మ ఆడవాళ్ల ఓటు హక్కు కోసం వీధికెక్కి పోరాడిన మనిషి. 1928లో కాలేజీ చదువు అవగానే నాటకాల్లోకి దిగింది. మొదట్లో అన్నీ ఎదురుదెబ్బలే. స్టేజీ ఎక్కగానే టెన్షన్, గొంతు కీచుగా పైకి పోయేది, డైలాగు పరుగులు పెట్టేది. ఒక నాటకంలో హీరోయిన్ వేషం ఇచ్చి, మొదటి షో అవగానే తీసేశారు.

1932లో న్యూయార్క్ నాటకాల అడ్డా బ్రాడ్‌వేలో "ది వారియర్స్ హజ్‌బెండ్" అనే నాటకం. యుద్ధం చేసే ఆడవాళ్ల కథ. పొట్టి వెండి రంగు దుస్తుల్లో, భుజాల మీద చచ్చిన దుప్పిని మోసుకుంటూ మెట్ల మీంచి దూకుతూ దిగేది. హాలీవుడ్ కన్ను పడింది. స్క్రీన్ టెస్ట్ చూసిన దర్శకుడు జార్జ్ క్యూకర్‌కు అందులో ముఖం కన్నా, ఆమె గ్లాసును నేల మీద పెట్టిన తీరు నచ్చిందట. ఆర్‌కేఓ స్టూడియో అడిగితే, ఈ కొత్తమ్మాయి వారానికి 1,500 డాలర్లు కావాలంది. ఆ రోజుల్లో అది పొగరు కిందే లెక్క. అయినా ఇచ్చారు. మూడో సినిమా "మార్నింగ్ గ్లోరీ"కే ఆస్కార్.

అక్కడి నుంచి జారుడు. 1933 చివర్లో "ది లేక్" నాటకంతో బ్రాడ్‌వేకి తిరిగొస్తే విమర్శకులు చీల్చి చెండాడారు. ఈమె భావోద్వేగాలు ఎ నుంచి బి దాకానే వెళ్తాయని రచయిత్రి డొరొతీ పార్కర్ పేరు మీద ఒక చురక ఇప్పటికీ తిరుగుతోంది. నిర్మాత మాత్రం ఆ నాటకాన్ని వేరే ఊళ్లు తిప్పుదామన్నాడు. ఆమె ఎదురు డబ్బిచ్చి వదిలించుకుంది. ఈ ఎదురు డబ్బు సంగతి గుర్తుంచుకోండి.

సినిమాలూ వరసగా పోయాయి. ప్యాంట్లు వేసుకుని తిరుగుతుంది, ఆటోగ్రాఫ్ ఇవ్వదు, విలేకరులతో సరిగ్గా మాట్లాడదు. జనానికి తలబిరుసు మనిషిలా కనపడింది. 1938లో వచ్చిన "బ్రింగింగ్ అప్ బేబీ" కూడా నష్టమే. ఇవాళ కామెడీ సినిమాలకు పాఠం లాంటిదంటారు, అప్పుడు మాత్రం హాళ్లు ఖాళీ.

విషం ముద్ర పడిన ఏడాదే ఆర్‌కేఓ ఆమెకొక చిన్నస్థాయి సినిమా అంటగట్టబోయింది. ఆమె 75,000 డాలర్లు ఎదురు కట్టి కాంట్రాక్ట్ తెంచుకుంది. తర్వాత కనెక్టికట్ తీరాన ఫెన్విక్‌లోని కుటుంబం ఇంటికి వెళ్లిపోయింది. సెప్టెంబర్ 21న పెద్ద తుఫాను వచ్చి ఆ ఇల్లు కూడా సముద్రంలో కలిసింది.

[తెర మీద: షూబర్ట్ థియేటర్, న్యూయార్క్]

అసలు ఘట్టం ఇప్పుడు. నాటక రచయిత ఫిలిప్ బ్యారీ ఆమె కోసమే "ది ఫిలడెల్ఫియా స్టోరీ" రాశాడు. హీరోయిన్ ట్రేసీ లార్డ్ డబ్బున్న ఇంటి పిల్ల, ఎదుటివాడి తప్పును క్షమించలేని మనిషి. జనం హెప్‌బర్న్‌లో ఏం చూసి చిరాకు పడ్డారో అదే ఆ పాత్ర. దాచిపెట్టకుండా దాన్నే కథ చేశారు, తెలివంటే అదీ.

నాటకం వేసిన థియేటర్ గిల్డ్ అప్పుడు డబ్బుకు కటకటలాడుతోంది. హెప్‌బర్న్ జీతం వద్దంది, వసూళ్లలో వాటా తీసుకుంది. కోటీశ్వరుడైన స్నేహితుడు హోవార్డ్ హ్యూస్ ఆ నాటకం సినిమా రైట్స్ కొని ఆమె చేతిలో పెట్టాడు. మామూలుగా బ్రాడ్‌వేలో నాటకం హిట్టయితే స్టూడియో రచయిత దగ్గర రైట్స్ కొనేసి, తనకు నచ్చిన స్టార్‌తో తీసుకుంటుంది. స్టేజీ మీద చెమటోడ్చిన నటి ఇంట్లో కూర్చోవాల్సిందే. ఈసారి ఏ స్టూడియోకైనా కథ కావాలంటే హెప్‌బర్న్ గుమ్మం తొక్కాలి.

1939 మార్చి 28న మొదలైన నాటకం 417 ప్రదర్శనలు ఆడింది. స్టూడియోలు క్యూ కట్టాయి. ఎంజీఎం స్టూడియో అధిపతి లూయీ బి. మేయర్‌తో బేరం కుదిరింది. హీరోయిన్ నేనే, దర్శకుడు క్యూకర్, పక్కన పెద్ద హీరోలు ఉండాలి. ఆమె అడిగింది క్లార్క్ గేబుల్‌ని, స్పెన్సర్ ట్రేసీని. వచ్చింది కేరీ గ్రాంట్, జేమ్స్ స్టూవర్ట్. పోస్టర్ మీద మొదటి పేరు గ్రాంట్‌కు వదిలేసింది. ఒంటరిగా తన పేరు మీద టికెట్లు తెగుతాయో లేదో అన్న అనుమానం ఆమెకూ ఉన్నట్టుంది.

ఆ సినిమా మొదటి సీన్ వీలైతే చూడండి. ఒక్క డైలాగు లేదు. మొగుడు పెట్టేబేడా సర్దుకుని బయటికొస్తాడు. ఆమె అతని గోల్ఫ్ కర్రను మోకాలికేసి విరిచి పారేస్తుంది. అతను వెనక్కొచ్చి, పిడికిలి ఎత్తి, మళ్లీ దించి, అరచేత్తో ముఖం మీద ఒక్క తోపు తోస్తాడు. వెల్లకిలా పడుతుంది. ఇప్పటి కళ్లకు ఇబ్బందిగానే ఉంటుంది. కానీ ఈమెకు తిక్క కుదరాలని టికెట్ కొన్న 1940 నాటి ప్రేక్షకుడికి, సినిమా నిమిషం తిరక్కుండానే ఆ ముచ్చట తీరిపోయింది. ఇక మిగతా సినిమా హాయిగా ఆమె పక్షాన చూడొచ్చు.

బొమ్మ పెద్ద హిట్టు. ఆస్కార్ నామినేషన్ వచ్చింది, అవార్డు మాత్రం జింజర్ రోజర్స్‌కు పోయింది. అదీ వదిలేసి వచ్చిన ఆర్‌కేఓ సినిమాకే.

తర్వాతి కథ వేగంగా చెప్పేస్తాను. ఎంజీఎంకే, 1942లో వచ్చిన "ఉమన్ ఆఫ్ ది ఇయర్" స్క్రిప్టు, రాసినవాళ్ల పేర్లు బయటపెట్టకుండా తనే బేరమాడి అమ్మింది. అందులో ఈసారి స్పెన్సర్ ట్రేసీ దొరికాడు. ఇద్దరూ కలిసి తొమ్మిది సినిమాలు చేశారు. చివరి దాని షూటింగ్ అయిన కొద్ది రోజులకే, 1967 జూన్‌లో, అతను చనిపోయాడు. ఆ సినిమాకు ఆమెకు రెండో ఆస్కార్, మరుసటి ఏడాది నటి బార్బ్రా స్ట్రైసాండ్‌తో సమానంగా మూడోది, 1981 నాటి "ఆన్ గోల్డెన్ పాండ్"కు నాలుగోది.

స్టేజీని మాత్రం వదల్లేదు. అరవై దాటాక, 1969లో, ఫ్యాషన్ డిజైనర్ కోకో షనెల్ మీద వచ్చిన సంగీత నాటకంలో వేసింది. గొప్ప గొంతేమీ కాదు, అయినా పాడింది, నాటకాలకిచ్చే టోనీ అవార్డుకు నామినేషన్ తెచ్చుకుంది.

నాలుగు ఆస్కార్లలో ఒక్కటీ స్వయంగా వెళ్లి తీసుకోలేదు. ఆ వేడుకకు వెళ్లింది ఒక్కసారే, 1974లో. అదీ నిర్మాత లారెన్స్ వైన్‌గార్టెన్‌కు గౌరవ పురస్కారం అందించడానికి. గౌన్లు, నగల మధ్యలోకి ప్యాంటు వేసుకునే వచ్చింది. హాలంతా లేచి నిలబడింది.