పది వేల ల్యూమెన్ల టార్చి

మిత్రులకు నమస్కారం.

ఈ బల్ల మీద ఉన్న టార్చిలైటును మా చిన్నాన్న కిందటి వానాకాలంలో రాత్రిపూట మోటారు దగ్గరికి వెళ్లడానికని కొన్నారు. ఇదే బాపతు సరుకు పది పేర్లతో దొరుకుతోంది కనుక కంపెనీ పేరు చెప్పి ఒరిగేదేమీ లేదు. పెట్టె మీద 10,000 ల్యూమెన్లు, 1,000 మీటర్ల దూరం, 9,900 ఎంఏహెచ్ బ్యాటరీ, 12 గంటల వెలుగు అని అచ్చువేశారు. ల్యూమెన్ అంటే టార్చి ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత, ఎంఏహెచ్ అంటే బ్యాటరీలో పట్టే చార్జికి కొలత. టార్చిలైట్ల పిచ్చి ఉన్న నాలాంటివాళ్లం చవక సరుకును ఊరికే ఈసడిస్తామని ఒక మాట ఉంది. ధర తక్కువైతే నాకు సంతోషమే. పెట్టె మీద రాసినదానికీ లోపల ఉన్నదానికీ పొంతన లేకపోవడమే నా ఫిర్యాదు.

బ్యాటరీతో మొదలుపెడతాను. ఇది 18650 రకం లిథియం అయాన్ సెల్లు. ఆ అంకె దాని కొలతే, అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఇంత జాగాలో పేరున్న తయారీదారులు కూడా సాధారణంగా 3,500 ఎంఏహెచ్ దగ్గర ఆగుతారు. అటువంటి సెల్లు 45 నుంచి 50 గ్రాముల వరకు తూగుతుంది; ఇది చిన్న కాటా మీద 31 గ్రాములే తూగింది. అయినా దయతలచి, లోపల మంచి సెల్లే ఉందనుకుందాం. 3,500 ఎంఏహెచ్‌ను 3.6 వోల్టులతో హెచ్చిస్తే 12.6 వాట్-గంటలు వస్తాయి. వాట్‌కు 150 ల్యూమెన్లు ఇచ్చే మేలైన ఎల్ఈడీ పెట్టి, మధ్యలో సర్క్యూట్ ఏమీ తినలేదనుకున్నా, మొత్తం 1,890 ల్యూమెన్-గంటలకు మించదు. 10,000 ల్యూమెన్లు నిజమైతే ఆ సెల్లు పదకొండు నిమిషాల్లో ఖాళీ కావాలి. పన్నెండు గంటలు నిజమైతే వెలుగు సగటున 157 ల్యూమెన్లు దాటకూడదు. రెండంకెలనూ పక్కపక్కన అచ్చువేసినవాడు భాగహారం చేయలేదు, కొనేవాడు చేస్తాడని అనుకోనూ లేదు.

ఇక దూరం. అమెరికాలో 2009లో వచ్చిన ఎఫ్‌ఎల్ 1 ప్రమాణం ప్రకారం కాంతి 0.25 లక్స్‌కు (లక్స్ అంటే ఒక చోట పడే వెలుగుకు కొలత), అంటే ఇంచుమించు పున్నమి వెన్నెల స్థాయికి తగ్గే చోటే టార్చి దూరం. ఆ లెక్కన 1,000 మీటర్లు చేరాలంటే కాంతిపుంజం నడిమధ్య 2,50,000 క్యాండెలాలు (ఒక దిక్కుకు పోయే కాంతి తీవ్రతకు కొలత) కావాలి. నేను అయిదు మీటర్ల దూరంలో లక్స్ మీటరు పెట్టి చూస్తే 380 వచ్చింది. దాన్ని దూరం వర్గమైన 25తో హెచ్చిస్తే 9,500 క్యాండెలాలు, అంటే 195 మీటర్లు. చేని గట్టున పాముందో లేదో చూసుకోవడానికి అది కావలసినదానికంటే ఎక్కువే. 195 అనే రాసి ఉంటే ఈ ప్రసంగమే ఉండేది కాదు. ఆ ప్రమాణంలోనూ ఒక సందుంది: వెలుగు మొదటిదానిలో పదో వంతుకు పడేదాకా వెలిగే కాలాన్ని లెక్కిస్తారు కనుక, మూడు నిమిషాల్లో చాలావరకు తగ్గిపోయి ఆపైన గంటలకొద్దీ మినుకుమినుకుమనే టార్చి కూడా కాగితం మీద ఘనంగానే కనిపిస్తుంది. ఖరీదైన కంపెనీలూ ఈ సందులోంచి దూరుతుంటాయి.

పెట్టె మీదే ఉన్న 'టీ6 ఎల్ఈడీ' అన్న మాట సంగతి మరీ తమాషాగా ఉంటుంది. క్రీ కంపెనీ 2010 చివర్లో ప్రకటించిన ఎక్స్‌ఎం-ఎల్ అనే ఎల్ఈడీలను వెలుగును బట్టి ఏరి పెట్టిన తరగతుల్లో టీ6 ఒకటి. బియ్యం బస్తా మీద వడ్ల రకం చెప్పకుండా 'మొదటి రకం' అని మాత్రమే అచ్చువేసినట్టుంది ఈ వ్యవహారం. పైగా ఆ అసలు ఎల్ఈడీ కూడా 3 ఆంపియర్ల దగ్గర ఇచ్చేది వెయ్యి ల్యూమెన్లకు అటూఇటూ మాత్రమే, ఇందులో ఉన్నదేమో ఒక్కటే.

తల విప్పితే మిగతాదీ బయటపడింది. ఎల్ఈడీ అతికించిన పళ్లెం కింద వేడిని లాగే పేస్టు చుక్క కూడా లేదు, పళ్లెం ఆనే లోహపు దిమ్మె బోలుగా ఉంది, రబ్బరు రింగు మరల్లో నలిగి ఒకచోట తెగింది. వేడి బయటి గొట్టానికి చేరే దారే లేదు కనుక గొట్టం చల్లగా ఉండగానే లోపల ఎల్ఈడీ కాగిపోతుంది. కొన్నవాడేమో వేడెక్కని మంచి టార్చి అని మురిసిపోతాడు. చార్జింగ్‌కు సీ-టైప్ రంధ్రం ఉంది గానీ, రెండు వైపులా సీ-టైప్ ఉన్న కేబుల్ పెడితే చార్జి ఎక్కదు. అవతలి చార్జర్‌కు తన ఉనికి తెలిపే 5.1 కిలో-ఓమ్ రెసిస్టర్లు, పైసల్లో వచ్చేవి, రెండూ వేయలేదు. ఈ సంగతి పెట్టె మీద గానీ లోపలి కాగితంలో గానీ లేదు. పాడైందనుకుని పక్కన పడేసిన ఇలాంటి టార్చిలను ఒక వైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తో చార్జి చేసి మళ్లీ వెలిగించి ఇచ్చాను.

మన తప్పు కూడా ఒప్పుకోవాలి. వెలుగు రంగు కాస్త పచ్చబారిందనీ మరలకు గ్రీజు లేదనీ టార్చిల సమీక్షల్లో పేజీలు రాసే మనం, సెల్లు పైతొడుగు చిరిగితే షార్ట్ కావచ్చన్న మాటను చివర్లో ఒక వాక్యంతో సరిపెడుతున్నాం. అదీగాక, అదే పేరుతో ఆరు నెలల తర్వాత వచ్చే టార్చిలో సర్క్యూట్ మారిపోయి ఉండవచ్చు. తయారీ విడత సంఖ్య ముద్రించని కంపెనీ విషయంలో నా కొలతలు ఈ ఒక్క టార్చికే వర్తిస్తాయి.

చిన్నాన్నకు మరో సెల్లు కొనిచ్చాను, టార్చి మాత్రం అడిగి తెచ్చుకున్నాను. విప్పి చూడదలచినవారు ముందుకు రావచ్చు. పాత సెల్లు తొడుగు చిరిగి ఉంది కనుక దాన్ని విడిగా ఈ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాను, దయచేసి దాన్ని తీయకండి.