కశ్మీరీలను అడగకుండా వేసిన ప్లాన్: 1965 ఆపరేషన్ జిబ్రాల్టర్

నమస్కారం అండి. 1965 ఆగస్టు మొదటి వారం. గుల్మార్గ్ దగ్గర కొండల్లో పశువులు మేపుకునే ఒక గుజ్జర్ కుర్రాడి దగ్గరికి ఇద్దరు కొత్త మనుషులు వచ్చారు. డబ్బు ఆశ చూపించి, భారత సైన్యం ఎక్కడెక్కడ ఉందో చెప్పమన్నారు. ఆ కుర్రాడు తిన్నగా టంగ్‌మార్గ్ పోలీస్ స్టేషన్‌కు వెళ్లి విషయం చెప్పేశాడు. పాకిస్తాన్ రహస్యంగా మొదలుపెట్టిన ఆపరేషన్ జిబ్రాల్టర్ అలా మొదట్లోనే బయటపడింది.

ఇంతకీ ఏమిటా ప్లాన్? కొన్ని వేల మందిని మామూలు జనం బట్టల్లో, కశ్మీర్‌ను రెండుగా విడదీసే కాల్పుల విరమణ రేఖ దాటించాలి. వాళ్లు వంతెనలు పేల్చాలి, ఆగస్టు 8న పీర్ దస్తగీర్ ఉత్సవానికి శ్రీనగర్ వచ్చే జనంలో కలిసిపోవాలి. మర్నాడు, అంటే 1953లో కశ్మీరీ నాయకుడు షేక్ అబ్దుల్లాను అరెస్టు చేసిన రోజున, ఊళ్లో తిరుగుబాటు లేవదీయాలి. రేడియో స్టేషన్, ఎయిర్‌పోర్టు పట్టుకుని విప్లవ మండలిని ప్రకటించాలి. దళాలకు తారిఖ్, ఖాలిద్, సలాహుద్దీన్ అని పాత సేనానుల పేర్లు పెట్టారు. జిబ్రాల్టర్ అన్న పేరు కూడా 711లో స్పెయిన్‌లో దిగిన తారిఖ్ పేరు మీద వచ్చిందే.

ఇంత ధైర్యం ఎందుకొచ్చిందంటే, 1962లో చైనా చేతిలో మనం ఓడిపోయాం. 1963 డిసెంబరులో శ్రీనగర్‌లోని హజ్రత్‌బల్ దర్గాలో, ముహమ్మద్ ప్రవక్తదిగా భావించే పవిత్ర కేశం కనిపించకుండా పోయినప్పుడు కశ్మీర్ అట్టుడికింది. 1965 ఏప్రిల్‌లో గుజరాత్ సరిహద్దులోని రణ్ ఆఫ్ కచ్‌లో జరిగిన పోరులో పాకిస్తాన్‌దే పైచేయి అయింది. ఇవన్నీ కలిపి చూసి, నిప్పు పెడితే చాలు అనుకున్నారు. భారత్ అంతర్జాతీయ సరిహద్దు దాటి రాదని విదేశాంగ మంత్రి భుట్టో అధ్యక్షుడు అయూబ్ ఖాన్‌కు నమ్మకంగా చెప్పారు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇక్కడే. ఢిల్లీ మీద కోపం ఉన్నవాడు తుపాకీ పట్టుకొచ్చిన కొత్తవాణ్ని ఇంట్లో దాచుకుంటాడని ఎలా అనుకున్నారు? ఎవరి కోసం చేస్తున్నామన్నారో, ఆ కశ్మీరీలకే ముందుగా ఒక్క మాట చెప్పలేదు. చాలాచోట్ల జనం చొరబాటుదారుల్ని పట్టించారు. రాజౌరీ, బుధిల్ వైపు వెళ్లిన ఘజ్నవీ దళం మాత్రం కాల్పుల విరమణ దాకా నిలబడింది, అది నిజమే. కానీ శ్రీనగర్‌లో తిరుగుబాటు రాలేదు. ఈ గొడవలో నష్టపోయింది కూడా అక్కడి జనమే. ఆ ఆగస్టులోనే శ్రీనగర్‌లోని బటమాలూ బస్తీ మంటల్లో కాలిపోయింది.

తర్వాత మన సైన్యం వాళ్లు చొరబడే మార్గాలనే మూసేయడానికి కదిలింది. మేజర్ రంజిత్ సింగ్ దయాళ్ నాయకత్వంలో ఒకటో పారా (పారాచూట్ బెటాలియన్) జవాన్లు వానలో, చీకట్లో నిటారు కొండ ఎక్కి ఆగస్టు 28 ఉదయం 8,652 అడుగుల ఎత్తున్న హాజీ పీర్ కనుమను పట్టుకున్నారు. వాళ్లు దాటిన వాగు పేరు హైదరాబాద్ నాలా! అప్పటి సైన్యాధిపతి జనరల్ జె.ఎన్. చౌధురి కూడా మనకు తెలిసినవారే. 1948 పోలీస్ చర్య నడిపించి, హైదరాబాద్ మిలిటరీ గవర్నర్‌గా పనిచేసింది ఆయనే.

సెప్టెంబరు 1న పాకిస్తాన్ ట్యాంకులతో జమ్మూ దగ్గరి అఖ్నూర్ మీదికి వచ్చింది. దాడి ముందుకు సాగుతుండగానే దాన్ని నడిపిస్తున్న జనరల్ అఖ్తర్ మాలిక్‌ను తప్పించి జనరల్ యాహ్యా ఖాన్‌కు పగ్గాలిచ్చారు. ఆ ఆలస్యం మనకు కలిసొచ్చింది. సెప్టెంబరు 6న లాల్ బహదూర్ శాస్త్రి ప్రభుత్వం లాహోర్ వైపు సైన్యాన్ని పంపింది. భుట్టో అంచనా అక్కడితో తేలిపోయింది. పాక్ వైమానిక దళాధిపతి నూర్ ఖాన్ అయితే ఈ ఆపరేషన్ గురించి తనకు ముందే సరిగ్గా చెప్పలేదని తర్వాత బాహాటంగానే అన్నారు.

సెప్టెంబరు 23న కాల్పులు ఆగాయి. 1966 జనవరి 10న తాష్కెంట్‌లో ఒప్పందం కుదిరింది, ఆ రాత్రే శాస్త్రి గారు అక్కడే కన్నుమూశారు. పాకిస్తాన్‌లో ఒప్పందం మీద నిరసనలు వచ్చాయి, కొన్ని నెలలకే భుట్టో పదవి వదిలారు, 1969లో అయూబ్ దిగిపోయారు. యుద్ధంలో తమను గాలికొదిలేశారన్న కోపం తూర్పు పాకిస్తాన్‌లో (ఇప్పటి బంగ్లాదేశ్) మిగిలిపోయింది. 1966 ఫిబ్రవరిలో అక్కడి నాయకుడు ముజిబుర్ రెహమాన్ స్వయంప్రతిపత్తి కోరుతూ ఆరు సూత్రాల డిమాండ్ బయటికి తెచ్చారు.

ఆ ఒప్పందం ప్రకారం హాజీ పీర్‌ను తిరిగి ఇచ్చేశాం. 1947కు ముందు ఉరీ నుంచి పూంచ్‌కు ఆ కనుమ మీదుగానే దారి. ఈ రోజుకీ అటు వెళ్లాలంటే కొండలన్నీ చుట్టి రావాల్సిందే.