ఆ గడిలో నా పేరు

వేదిక మీది పెద్దలకు, ఎలక్ట్రికల్ విద్యార్థులకు నమస్కారం. ఈ శాలువాతో మాట్లాడడం నావల్ల కాదు, తీసి పక్కన పెడుతున్నాను, ఏమీ అనుకోకండి. ‘నాయకత్వ లక్షణాలు’ గురించి మాట్లాడమన్నారు హెచ్‌ఓడీ గారు. రాసుకొచ్చాను కూడా. కానీ మీ సంఘం ప్రారంభోత్సవం అనగానే ఒక పాత సంగతి మెదిలింది. అది కక్కేస్తే గానీ ఈ కాగితం చదవలేను.

నేను అమెరికాలో ఎం.ఎస్. చేసేటప్పుడు మా విభాగంలో ఈటా కప్పా ను అనే ప్రతిభావంతుల సంఘానికి ఒక శాఖ ఉండేది. చాప్టర్ అంటారు. ఆ సంఘాన్ని 1904లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మారిస్ కార్ అనే విద్యార్థి, మరికొందరు కలిసి పెట్టారు. 2010లో ఐ-ట్రిపుల్-ఈ అనే ఇంజినీర్ల అంతర్జాతీయ సంస్థలో కలిసిపోయింది. గ్రీకులో అంబర్‌ను, అంటే రాయిలా గట్టిపడిన చెట్టు జిగురును, ఎలెక్ట్రాన్ అంటారు, ఆ మాటలోని మొదటి, నాలుగో, చివరి అక్షరాలే ఈ పేరు. మూడో ఏడాదిలో మొదటి పావు వంతులో, నాలుగో ఏడాదిలో మొదటి మూడో వంతులో ఉంటేనే పిలుపు. నడవడిక, దృక్పథం కూడా చూడాలన్నది నియమం. గడప దాటాలంటే మాత్రం ముందు మార్కులే.

నేను కోశాధికారినయ్యాను. ఎలాగంటారా? ఎన్నికల రోజు ఆ పదవికి ఎవరూ చెయ్యి ఎత్తలేదు. నేను ఎత్తింది ఇంకో పిజ్జా ముక్క కోసం.

నవ్వండి, పరవాలేదు. జూనియర్లకు సర్క్యూట్స్ చెప్పడం, కొత్తగా చేరిన పిల్లలకు సోల్డరింగ్, అంటే కరిగే లోహంతో తీగలు అతకడం నేర్పడం, ఏడాది చివర సేవా గంటల నివేదిక పంపడం, ఇవీ మా పనులు. సోల్డరింగ్ నేర్పింది మాత్రం మాలో ఎవరూ కాదు. సర్క్యూట్స్ తప్పి మళ్లీ చదువుతున్న ఒక కుర్రవాడు. రాత్రిళ్లు రిపేరు షాపులో పని చేసేవాడు. వేడి మొనను తడి స్పాంజికి తుడిస్తే సుయ్‌మనేది. ‘సోల్డరును నువ్వు కరిగించకు, ముందు రాగిని కాల్చు, అదే కరిగించుకుంటుంది’ అనేవాడు. అతుకు మెరిస్తే తల ఊపేవాడు. బూడిద రంగులో గడ్డకడితే మాట్లాడకుండా పీకించి మళ్లీ చేయించేవాడు. నా అతుకులు కూడా పీకించాడు. సభ్యుల ప్రమాణ స్వీకారం రోజున కుర్చీలు వేసి, లోపలికి రాకుండా వెళ్లిపోయాడు.

నివేదికలో రెండే గడులు: సభ్యుడి పేరు, గంటలు. అతను సభ్యుడు కాడు. ఇరవై రెండు గంటలు ఎక్కడ రాయను? నా పేరున రాసేశాను. ఎవరూ అడగలేదు. ఆ ఏడాది సేవలో నేనే మొదటివాడినని ప్రశంసాపత్రం ఇచ్చారు. ఇప్పటికీ మా ఇంటి బీరువాలో ఉంది. మా ఆవిడ గోడకు తగిలిద్దామంటుంది, మేకు దొరకలేదంటాను.

ఇంటర్‌లో మీటర్ బ్రిడ్జి ప్రయోగం చేశారు కదా, జాకీ జరుపుతూ సూది సున్నా మీదికి తేవడానికి అవస్థ పడి? దానికి మూలం వీట్‌స్టన్ బ్రిడ్జి, తెలియని నిరోధాన్ని కొలిచే సర్క్యూట్. ఆ సంఘం చిహ్నం కూడా అదే. దాన్ని 1833లో కనిపెట్టింది శామ్యూల్ హంటర్ క్రిస్టీ. పదేళ్ల తర్వాత దాన్ని వాడుకలోకి తెచ్చిన వీట్‌స్టన్, ఇది క్రిస్టీదని చెప్పాడు కూడా. అయినా లోకం వీట్‌స్టన్ పేరే పెట్టింది. ఆయన చెప్పనైనా చెప్పాడు. నేను సంతకం పెట్టాను.

పొద్దుట ఈ మైకు గీపెడుతుంటే వచ్చి సరిచేసిన ల్యాబ్ అటెండరు గారు ఎక్కడ? అదిగో, తలుపు దగ్గర. ముందుకు రండి సార్. ఇక్కడ కుర్చీ ఖాళీగా ఉంది. బాబూ, మీరు కొత్త రిజిస్టరు కొన్నారుగా, కార్యదర్శి ఎవరు, నువ్వేనా? ఇటివ్వు. ఇందులోనూ రెండే గడులు కొట్టారు. నాయకత్వం కాగితం తర్వాత చదువుతాను, ముందు మూడో గడి గీద్దాం. స్కేలు ఎవరి దగ్గరుంది?