గరిటెలు తగిలించుకునేదా? ఇంట్లో ఇనుప శిల్పం ఎందుకు?

(దృశ్యం: అనంతపురం. మా ఇంటి ముందుగది. తెల్ల గోడ మీద వంపు తిరిగిన మూడు ఇనుప రేకులు. వంటింట్లోంచి అమ్మ గొంతు.)

"ఏంరా ఇది? గరిటెలు తగిలించుకునేదా?"

నమస్కారం. అమ్మ ఈ మాట అన్నప్పుడు నాకు కోపం రాలేదు. ఎందుకంటే దాదాపు వందేళ్ల కింద న్యూయార్క్ కస్టమ్స్ వాళ్లు కూడా ఇట్లాంటి మాటే అన్నారు. వాళ్లు అనడమే కాదు, పన్ను కూడా వేశారు.

(తెర మీద: సన్నగా పైకి లేచిన కంచు ఆకారం, రేఖాచిత్రం.)

బ్రాంకుషి అని రుమేనియాలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన శిల్పి ఉన్నాడు. 'ఆకాశంలో పక్షి' అని పేరు పెట్టి నాలుగడుగులు దాటిన కంచు శిల్పం చేశాడు. రెక్కల్లేవు, ముక్కు లేదు, ఒక్క ఈక లేదు. అద్దంలా మెరుగుపెట్టిన ఒక వంపు, అంతే. 1926లో అది ఓడలో అమెరికా చేరింది. కళాఖండమైతే పన్ను లేదు. అధికారులు పెట్టె తెరిచి చూశారు. ఇది శిల్పమేంది అనుకుని వంటింటి సామాన్లు, ఆసుపత్రి సామాన్ల పద్దులో రాసి 40 శాతం పన్ను వేశారు. కేసు కోర్టుకు పోయింది. శిల్పాన్ని కొన్నాయనను జడ్జి ఒక ప్రశ్న అడిగాడు: అడవిలో ఇది కనబడితే పక్షి అనుకుని తుపాకీ పేలుస్తారా? పేల్చను అన్నాడాయన. అయినా 1928లో తీర్పు శిల్పం వైపే వచ్చింది. దేన్నీ పోలకపోయినా అది కళే, చూడ్డానికి ఇంపుగా ఉంది అని.

కాబట్టి మా అమ్మ ఒంటరిది కాదు.

(దృశ్యం: కెమెరా రేకుల దగ్గరికి. కొనవేళ్లతో అంచు తడమడం.)

దేన్నీ పోలకుండా, ఆకారం కోసమే ఆకారంగా ఉండేదాన్ని నైరూప్య శిల్పం అంటారు. ఆబ్‌స్ట్రాక్ట్ అంటే మీకు సులువుగా తెలుస్తుంది. గోడ మీద నెమలి బొమ్మ పెట్టారనుకోండి. మొదటిరోజు 'నెమలి' అనుకుంటాం, రెండోరోజు నుంచి చూడం. పేరు తెలిసిపోయింది కదా, కంటికి ఇంకేం పని? ఈ రేకులకు పేరు లేదు. అందుకే కన్ను తిరిగి తిరిగి అక్కడికే పోతుంది. నాకు తెలిసి దీనికున్న ఆకర్షణలో సగం ఇదే.

మిగతా సగం వెలుతురు. దీని గురించి కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం.

(దృశ్యం: ఒకే కోణంలో పెట్టిన కెమెరా. ఉదయం ఏడు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఐదున్నర.)

రంగు వేసిన బొమ్మ పొద్దున ఎట్లుందో సాయంత్రమూ కొంచెం అటూ ఇటూ అట్లే ఉంటుంది. ఇనుము అట్లా కాదు. ఈ నడిమి రేకు చూడండి. పొద్దున ఇది బూడిదరంగు. మధ్యాహ్నం మన ఎండ సంగతి తెలుసు కదా, గచ్చు మీద పడి ఎగిరిన వెలుగుకు దీని అడుగంచు తెల్లగా మండుతుంది. సాయంత్రం పడమటి కిటికీలోంచి వచ్చే ఎండకు రేకంతా తేనెరంగు.

ఈ సన్నటి గీతలు కనబడుతున్నాయా? రేకును గ్రైండర్ మీద ఫ్లాప్ డిస్క్, అంటే గరుకు కాగితం రెక్కలున్న చక్రం వేసి రుద్దితే వచ్చినవి. గీతలు ఒకే వైపు ఉంటే వెలుగు వాటికి అడ్డంగా చీలిపోతుంది. మనం నడుస్తుంటే ఆ మెరుపు గీత కూడా మనతో పాటే నడుస్తుంది. గీతలు సుడులు తిరిగేటట్టు రుద్దితే చదును రేకే లోతుగా కనిపిస్తుంది. అమెరికా శిల్పి డేవిడ్ స్మిత్ 1960ల మొదట్లో స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టెలను ఒకదాని మీద ఒకటి వెల్డింగ్ చేసి, వాటి మీద ఇట్లాంటి సుడులే గీసి, తన పొలంలో నిలబెట్టాడు. ఆకాశం ఏ రంగులో ఉంటే అవీ ఆ రంగే.

ఆ స్మిత్ పనితనం కాలేజీలో పుట్టింది కాదు. 1925లో కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ లోహం పని నేర్చుకున్నాడు. ఆయనకంటే ముందువాడు స్పెయిన్‌కు చెందిన హూలియో గొంజాలెజ్. కంసాలి ఇంటివాడు. ఆయన గ్యాస్ వెల్డింగ్ నేర్చింది 1918 ప్రాంతంలో, పారిస్ దగ్గర రెనో కార్ల కర్మాగారంలో. పదేళ్ల తర్వాత పికాసో ఇనుముతో శిల్పాలు చేయాలనుకున్నప్పుడు వెల్డింగ్ చేసిపెట్టింది ఈయనే. అంటే ఈ కళ వెల్డింగ్ షాపులోనే పుట్టింది. మన ఉమ్మడి జిల్లాలో పెనుకొండ దగ్గర కార్లు తయారవుతున్నాయి, రేపు అక్కడినుంచి ఎవరు వస్తారో చెప్పలేం.

(దృశ్యం: గేట్లు, గ్రిల్లులు చేసే వెల్డింగ్ షాపు. నిప్పురవ్వలు.)

నా రేకులు చేయించింది కూడా గేట్లు చేసే షాపులోనే. కాగితం మీద గీత చూపిస్తే ఆ అన్న రెండుసార్లు తిప్పి చూశాడు.

"ఇది దేనికన్నా?"

"ఊరికే, చూసేకి."

"చూసేకా!"

ఆ 'చూసేకా' నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. కానీ పనిలో దిగాక ఆయనే నాకు ఒకటి చూపించాడు. ఇది మీరు దగ్గరగా చూడాలి.

(దృశ్యం: బాగా దగ్గరగా. మెరుగుపెట్టిన ఇనుప ముక్క కింద గ్యాస్ మంట. కత్తిరించకుండా నలభై సెకన్లు.)

మంట ఒక చివర మాత్రమే పెట్టాడు. చూస్తూ ఉండండి. ముందు లేత గడ్డిరంగు. అది ముందుకు జరుగుతుంటే వెనకాల గోధుమరంగు. దాని వెనక వంగపండు రంగు. ఆఖరున నెమలికంఠం నీలం. ఒకదాన్ని ఒకటి తరుముకుంటున్నట్టు పోతాయి. ఇందులో చుక్క పెయింట్ లేదు. వేడికి ఇనుము మీద గాలిలోని ఆక్సిజన్ పట్టి అతి పల్చటి పొర కడుతుంది. వాన పడ్డాక పెట్రోలు బంకు దగ్గర నీళ్ల మీద నూనె రంగులు చూసుంటారే, అదే లెక్క. పొర మందం మారితే రంగు మారుతుంది. గడ్డిరంగు సుమారు 220, 230 డిగ్రీల దగ్గర, నీలం 300 డిగ్రీల దగ్గర వస్తుంది. థర్మామీటర్ లేని కాలంలో కొలిమి దగ్గర కమ్మరి ఈ రంగును బట్టే పనిముట్టును ఎప్పుడు నీళ్లలో ముంచాలో తేల్చుకునేవాడు. మనం గోడ మీద అందం అనుకునేది ఆయనకు గడియారం.

నీలం వచ్చిన క్షణాన మంట తీసేయాలి. ఒక్క నిమిషం ఆశపడితే ఆ రంగు పోయి మసక బూడిద మిగులుతుంది. నేను ఆశపడ్డాను. ఆ ముక్క ఇప్పుడు పేపర్‌వెయిట్.

(దృశ్యం: నల్లటి కడప బండ ముక్క మీద నిలబెట్టిన పాత గుంటక పార.)

ఇది శిల్పం కాదు, మా తాత గుంటక పార, అంటే ఎద్దులు లాగే గుంటకకు అడుగున ఉండే ఇనుప పలక. కానీ నా కంటికి తొలి పాఠం ఇదే. ఏళ్ల తరబడి నల్లరేగడిలో తిరిగి మధ్యలో అరిగి, అంచు సన్నటి వంపు తిరిగింది. ఈ వంపును ఎవరూ గీయలేదు, మట్టి తిని తిని వచ్చింది. కింద పీఠంగా కడప బండే ఎందుకంటారా? బరువు ఉంటుంది, మెరవదు, పైనున్న ఇనుము అంచే మెరుస్తుంది. ధర కూడా పాలరాయితో పోల్చుకునేంత కాదు.

ఇక తుప్పు. అందరూ అడిగేది ఇదే. ఇనుముకు తుప్పు పట్టాలంటే గాలిలో తేమ కావాలి. మన అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. పంటకు శాపమే గానీ, గోడ మీది ఇనుముకు మాత్రం ఇది విశాఖ కంటే నూరుపాళ్లు నయం. గదిలో పెట్టేదానికి మైనం గానీ, మెరుపు లేని క్లియర్ లాకర్, అంటే రంగులేని వార్నిష్ లాంటిది గానీ ఒక పూత చాలు. లాకర్ వేస్తే ఆ నీలం రంగు కొంచెం మసకబారుతుంది, అది ముందే తెలిసి వేయండి. స్నానాల గది గోడకు, వంటగది సింకు పక్కన వద్దు. షికాగోలో పికాసో శిల్పం 1967 నుంచి బయటే ఉంది కదా అంటారు. అది వేరే ఉక్కు, దానికి పైన కట్టిన తుప్పే కవచం. మన షాపుల్లో దొరికే మామూలు ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) రేకు అట్లా ఆగదు, పొరలు పొరలుగా రాలుతుంది.

ఇంకో మాట, బోరు నీళ్లతో తడిగుడ్డ పెట్టి తుడవకండి. మన నీళ్లలోని ఉప్పు తెల్ల మచ్చలై కూర్చుంటుంది. పొడిగుడ్డ చాలు. ఇత్తడిదైతే చింతపండు పెట్టి తోమాలని చేయి లాగుతుంది, నాకు తెలుసు. కానీ ఆ గోధుమ నలుపు రావడానికి ఏళ్లు పట్టింది, అయిదు నిమిషాల్లో పోగొట్టకండి.

(దృశ్యం: గోడకు పడిన గుంత, సిమెంటు పూత.)

ఇది నా ఘనకార్యం. మొదటి రేకును ఒక్క మేకుకు తగిలించా. రెండడుగులకు మూడడుగులు, 16 గేజ్, అంటే 1.6 మిల్లీమీటర్ల మందం. లెక్కేస్తే ఏడు కిలోలు. రాత్రి రెండు గంటలకు దబ్బున పడింది. దొంగలు పడ్డారని అమ్మ రోకలి పట్టుకుని వచ్చింది. డ్రిల్లు వేసి, ప్లగ్గు పెట్టి, కనీసం రెండు స్క్రూలకు తగిలించండి. గోడకు, రేకుకు మధ్య ఒకటిన్నర అంగుళం ఖాళీ వదలండి. ఆ ఖాళీలోనే నీడ పడేది. నా మట్టుకు నాకు సగం శిల్పం ఆ నీడే. పైనుంచి పక్కవాటుగా ఒక్క బల్బు చాలు. చుట్టూ ఎల్‌ఈడీ పట్టీలు అంటిస్తే మిఠాయి అంగడి అవుతుంది, బంగారు రంగు స్ప్రే చేస్తే చెప్పనే అక్కర్లేదు.

గాలికి తిరిగే వేలాడే శిల్పాలు, అంటే మొబైల్స్ ఇష్టమైతే కావడి గుర్తుపెట్టుకోండి. పది సెంటీమీటర్ల దూరంలో 300 గ్రాములుంటే, అటువైపు 30 సెంటీమీటర్ల దూరంలో 100 గ్రాములు సరిపోతుంది. అట్టడుగు కొమ్మ నుంచి మొదలుపెట్టి పైకి కట్టుకుంటూ రావాలి. వీటిని ప్రపంచానికి అలవాటు చేసిన అమెరికా శిల్పి కాల్డర్ చదివింది మెకానికల్ ఇంజినీరింగే. మన ఆషాఢం గాలికి మాత్రం కిటికీ మూసుకోండి.

ఆఖరుగా, షాపుకు పోయే ముందు ఒక పని చేయండి. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె తీసుకుని, అసలు కొలతకే ఆకారం కత్తిరించి, గోడకు నాలుగు రోజులు అతికించండి. పెద్దదయిందో చిన్నదయిందో అప్పుడు తెలుస్తుంది. ఇనుము కోశాక తెలిస్తే లాభం లేదు. నేను రెండో గోడకు ఇప్పుడు అదే చేస్తున్నా.

(దృశ్యం: గోడ మీద అట్ట ఆకారం. సాయంత్రపు వెలుతురు. అమ్మ చేతిలో కాఫీ గ్లాసు, కాసేపు చూసి.)

"ఇదే బాగుంది కదరా. మళ్లా ఇనుముతో చేపించేది ఎందుకు, దుడ్లు దండగ."