హార్నర్ పింగాణీ, ఆంజెలికా పిస్తోలు

అందరికీ నమస్కారం.

1642లో మూతపడ్డ లండన్ నాటకశాలలు, 1660లో ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ ప్రవాసం నుంచి తిరిగొచ్చాక తలుపులు తెరిచాయి. రాజుగారే పేరుమోసిన రసికుడు. ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టడమూ అప్పుడే మొదలైంది. ఆనాటి హాస్యనాటకాల్లో కులీనుడైన విటుడు కథానాయకుడయ్యాడంటే అవ్వడా మరి!

1675లో విచర్లీ రాసిన ‘ది కంట్రీ వైఫ్’ చూడండి. తనకు మగతనం పోయిందని హార్నర్ వైద్యుడి చేత ఊరంతా పుకారు పుట్టిస్తాడు. ఇంకేం, మొగుళ్ళే పెళ్ళాలను తెచ్చి అతని ఇంట్లో వదిలిపెడతారు. నాలుగో అంకంలో లేడీ ఫిడ్జెట్ పింగాణీ చూసే నెపంతో లోపలి గదిలో దూరి గడియ పెట్టుకుంటుంది. హార్నర్ ఇంకో దారిన అదే గదిలోకి పోతాడు. బయట నిలబడ్డ మొగుడు సర్ జాస్పర్, అతను వెనకనుంచి వస్తున్నాడని పెళ్ళాన్నే హెచ్చరిస్తాడు! కాసేపటికి ఆవిడ చేతిలో నిజంగానే ఓ పింగాణీ పాత్రతో బయటికొస్తుంది. ఇంకో ఆవిడ తనకూ కావాలంటే, ఇప్పటికి అయిపోయిందంటాడు హార్నర్.

జనం ఘొల్లుమంటారు. మొగుడికి తెలియని గుట్టు మన చెవిన పడింది కదా, మనకు తెలియకుండానే హార్నర్ పక్షాన చేరిపోయాం. వాడి ఆకర్షణంతా అక్కడే ఉంది. 1766లో నటుడు గారిక్ ఈ నాటకాన్ని శుద్ధి చేసినప్పుడు హార్నర్‌నే తీసేశాడు. ఇక మిగిలిందేమిటో మీరే ఊహించుకోండి.

మరో నాటకకర్త ఎథరెజ్ ‘ది మ్యాన్ ఆఫ్ మోడ్’లో సృష్టించిన విటుడు డోరిమంట్, అచ్చం రాజుగారి కొలువులోని విలాసపురుషుడు, కవి రోచెస్టర్ ప్రభువేనని ఆ కాలంలోనే చెప్పుకున్నారు. ఆ ప్రభువు 33 ఏళ్ళకే పోయాడు.

నా లెక్కలో మాత్రం ఈ విటుణ్ణి సరిగ్గా పట్టుకున్నది నాటక రచయిత్రి అఫ్రా బెన్. 1677 నాటి ‘ది రోవర్’లో విటుడు విల్మోర్ చేతిలో చిల్లిగవ్వ లేదు. ప్రేమను అమ్ముకుంటున్నావని నేపుల్స్ వేశ్య ఆంజెలికాను ఎత్తిపొడిచి, ఆ మాటలతోనే ఆమె మనసు దోచేస్తాడు. ఆమె పైసా పుచ్చుకోకపోగా ఎదురు డబ్బిస్తుంది. వాడు మాత్రం హెలెనా అనే కులీన యువతి వెంట పడతాడు. అయిదో అంకంలో ఆంజెలికా ముసుగు వేసుకొచ్చి వాడి గుండెకు పిస్తోలు ఆనిస్తుంది. అప్పుడు కూడా వాడు డబ్బు తిరిగిచ్చి లెక్క తేల్చుకోబోతాడు! అంతదాకా వాడితో కలిసి నవ్విన మనకు ఇక్కడ నవ్వు గొంతులో అడ్డం పడుతుంది. ఆమె కాల్చదు, వదిలేసి వెళ్ళిపోతుంది. వాడు హెలెనాను పెళ్ళాడతాడు.

1681లో బెన్ రెండో భాగం రాసింది. అందులో హెలెనా అప్పటికే చనిపోయింది. విల్మోర్ ఇంకో వేశ్య వెంట తిరుగుతుంటాడు.