గేర్లు పడుతున్నాయా మాస్టారూ?

అందరికీ నమస్కారం.

ఈ నెల ప్రసంగానికి పిలుస్తూ కార్యదర్శిగారు "ఇంట్లోనే కారు బాగుచేసుకోవడం ఎలాగో చెప్పండి మాస్టారూ" అన్నారు. నా కారు నేనే విప్పి బిగించుకుంటానన్న మాట నిజమే. కానీ ఎలా చేయాలో చెప్పే వీడియోలు మీ ఫోనులోనే కావలసినన్ని ఉన్నాయి. వాటిలో ఎవరి చేయీ జారదు, ఏ బోల్టూ తుప్పు పట్టి ఉండదు. అందుకని నాకు చేయి జారిన సంగతులే చెబుతాను. ముందు వరుసలో మా ఆవిడ కూర్చుంది కాబట్టి కోతలు కోసే వీలు కూడా నాకు లేదు.

నా మొదటి కారు మారుతి 800. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయేదాకా మధ్యతరగతి ఇంటి ముందు నిలబడ్డ బండి అది. నాది తొంభైల నాటి కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) ఉన్న మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 796 సీసీ, మూడు సిలిండర్లు. బానెట్ ఎత్తితే పక్కల నుంచి నేల కనబడేంత ఖాళీ. ఆ ఖాళీయే నన్ను చెడగొట్టింది. చూడగానే "ఇందులో ఏముంది, నేను చేయలేనా" అనిపిస్తుంది. పైగా నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాడిని. న్యూటన్‌ను చదివినవాడికి నట్లు ఒక లెక్కా?

ఒక ఆదివారం ఇంజిన్ ఆయిల్ మార్చాలని కూర్చున్నాను. మాది అపార్ట్‌మెంట్, పార్కింగ్ సెల్లారులో. వాచ్‌మన్ స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చూసేవాడు ఒకడుంటే పని చేసేవాడికి కాస్త పూనకం వస్తుంది. కారు కింద దూరి, పానా పెట్టి, చేతికి అందిన ప్లగ్, అంటే నూనె దింపే బిరడా, విప్పేశాను. కింద ప్లాస్టిక్ బేసిన్ పెట్టాను. అది మినప్పప్పు నానబెట్టే బేసిన్ అని తర్వాత తెలిసింది.

నూనె దిగింది. నల్లగా, పలచగా, జరజరా కారుతుందనుకుంటే, చిక్కగా, తేనె రంగులో, తీరిగ్గా జారింది. వాడిన ఇంజిన్ ఆయిల్ నల్లగా ఉంటుందని నాకు తెలుసు. మరి ఇది ఇంత శుభ్రంగా ఉందేమిటి? ఆ ప్రశ్న దగ్గరే ఆగి ఉంటే ఈ రోజు మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. కానీ నాకు నేనే చెప్పుకున్న జవాబు ఇది: బండిని నేను ఎంత పదిలంగా చూసుకుంటున్నానో! వాచ్‌మన్‌ను పిలిచి మరీ చూపించాను. "ఎంత బాగుంది సార్" అన్నాడు పాపం.

ఒక వాసన కూడా వచ్చింది, కుళ్ళిన గుడ్డు వాసన. గేర్‌బాక్స్‌లో పోసే నూనెలో గంధకపు సమ్మేళనాలు కలుపుతారు. గేరు పళ్ళు ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుకునే చోట లోహం అరగకుండా అవి కాపాడతాయి. ఆ వాసన వాటిదే. మా కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ మా గదికి పక్కనే. ఏళ్ళ తరబడి ఆ గంధకం వాసన పీల్చినవాణ్ణి. అయినా ఆ రోజు ముక్కు చెప్పిన మాట నా చెవికెక్కలేదు.

మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నేను విప్పింది ఇంజిన్ ప్లగ్ కాదు, పక్కనే ఉన్న గేర్‌బాక్స్ ప్లగ్. దాన్ని మళ్ళీ బిగించి, పైన ఇంజిన్ మూత తీసి, కొన్న డబ్బా అంతా ఇంజిన్‌లో పోశాను. లోపల పాత ఆయిల్ చుక్క కూడా తగ్గకుండా అలాగే ఉంది. అంటే గేర్‌బాక్స్‌కు ఉపవాసం, ఇంజిన్‌కు రెండు విస్తళ్ళ భోజనం. కొలకడ్డీ తీసి చూస్తే ఆయిల్ పై గీత దాటి ఎక్కడికో పోయింది. "కొత్త ఆయిల్ కదా, ఇంకా కిందికి దిగలేదు" అనుకున్నాను. తాళం తిప్పాను.

ఆయిల్ అంత ఎత్తుకు చేరితే ఇంజిన్ అడుగున తిరిగే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్ దానిలో మునిగి, కవ్వం మజ్జిగను చిలికినట్టు చిలుకుతుంది. నురగ లేస్తుంది. ఆ నురగ పైకి ఎగదన్ని సిలిండర్లలోకి పోయి మండుతుంది. అప్పుడు వచ్చే పొగ నీలంగా, దట్టంగా ఉంటుంది. రెండు నిమిషాల్లో సెల్లారు నిండిపోయింది. మునిసిపాలిటీ వాళ్ళు దోమల మందు కొడుతున్నారనుకుని పై అంతస్తుల పిల్లలు కేకలు వేస్తూ దిగి, నా కారు వెనక గెంతడం మొదలుపెట్టారు. పెద్దవాళ్ళు కిటికీలు మూసుకున్నారు. ఒకాయన పైనుంచి కేకేసి అడిగారు, "మా ఇంట్లోకి కూడా కొట్టమంటారా?" అని.

అసలు తప్పు ఇంతవరకు జరిగింది కాదు, ఆ తర్వాతి గంటలో జరిగింది. మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక మెకానిక్ షెడ్డు ఉంది. ఆ కుర్రవాడు నా దగ్గరే చదివి, ఫిజిక్స్ తప్పి, చదువు మానేసి పానా పట్టినవాడు. ఫోను చేస్తే పది నిమిషాల్లో వస్తాడు. కానీ ఎలా చేస్తాను? ఏ ముఖంతో చేస్తాను? అందుకని "నాలుగు అడుగులు తిప్పితే ఆయిల్ సర్దుకుంటుంది" అని కారును వీధిలోకి తీశాను. ఒక రౌండు. గేరు మార్చినప్పుడల్లా కింద నుంచి ఏడుపు లాంటి కూత. ఇంకో రౌండు. కూత కేక అయింది.

చివరికి మా ఆవిడే ఫోను చేసింది. వచ్చాడు. ఏమీ అడగలేదు. బేసిన్ దగ్గర గొంతుక్కూర్చుని, చూపుడువేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూశాడు. వాసన చూశాడు. బనియన్ వేస్టుతో వేళ్ళు తుడుచుకుని, కారు కిందికి ఒకసారి వంగి చూసి, మెల్లగా అడిగాడు: "గేర్లు పడుతున్నాయా మాస్టారూ?"

నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

తప్పు ప్లగ్ విప్పినందుకు అయ్యే ఖర్చు ఒక డబ్బా గేర్ ఆయిల్, అంతే. ఆ రెండు రౌండ్లు తిప్పినందుకు గేర్‌బాక్స్ దింపి బేరింగులు మార్చాల్సి వచ్చింది. నేను లెక్క చూసుకున్నాను. తెలియనితనానికి కట్టిన డబ్బు కంటే, ఆ తెలియనితనం బయటపడకూడదని కట్టిన డబ్బే ఎక్కువ. ఇంట్లో కారు విప్పే ప్రతివాడి పద్దులోనూ ఈ రెండో ఖాతా ఉంటుందని నా నమ్మకం.

హైదరాబాదులో ఉండే మా బావమరిది ఖాతా చూడండి. ఆయన ప్లగ్ సరైనదే విప్పాడు. ఆయిల్ ఫిల్టర్ దగ్గర దెబ్బతిన్నాడు. పాత ఫిల్టర్ ఊడి వచ్చేటప్పుడు దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయింది. ఆయన చూడకుండా దానిమీద కొత్త ఫిల్టర్ బిగించాడు. రెండు రింగులు ఒకదానిమీద ఒకటి నిలవవు. స్టార్ట్ చేయగానే పీడనానికి పై రింగు జారి, ఆయిల్ అంతా నేలపాలైంది. ఆయన అప్పుడేం చేశాడు? ఫిల్టర్ నకిలీదని దుకాణం మీదికి గొడవకు వెళ్ళాడు! దుకాణదారు పాత ఫిల్టర్ తెమ్మని, బోర్లించి చూపించాడట: "దీని రింగు ఏదండీ?"

ఇక ఇంజిన్‌లో పెట్రోలును అంటించే నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్గుల సంగతి. దీనిలో నాకు సిగ్గుతో పాటు కొంచెం గర్వం కూడా ఉంది. శుభ్రం చేద్దామని మూడు ప్లగ్గుల తీగలూ ఒక్కసారే పీకేశాను. ఏది ఎక్కడిదో మర్చిపోయాను. మూడు తీగలను మూడు చోట్ల పెట్టడానికి ఆరు పద్ధతులున్నాయి. వాటిలో సరైనది ఒక్కటి. మరో మూడు పద్ధతుల్లో ఒక తీగ మాత్రమే తన చోట ఉంటుంది. మిగతా రెండింటిలో ఏదీ తన చోట ఉండదు. కాగితం మీద ఆరూ రాసుకుని వరసగా ప్రయత్నించాను. ఒక్కో దానికి ఇంజిన్ ఒక్కో రకంగా దగ్గింది. ఒకసారి కార్బురేటర్ లోంచి ఫట్‌మని తుపాకీ పేలినట్టు పేలింది. ఐదోసారికి స్టార్టయింది. గణితం గెలిచిందని సంతోషపడుతుంటే వాచ్‌మన్ అడిగాడు, "ఒక్కొక్కటే తీసి, తుడిచి, పెట్టేస్తే సరిపోయేది కదా సార్?" అని. వాడికి ఆ నెల దీపావళి మామూలు కాస్త ఎక్కువే ఇచ్చాను.

చిన్నవి చాలా ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత విప్పబోయాను. ఈల వేస్తున్న కుక్కర్ మూత ఎవరైనా తీస్తారా? ఇదీ కుక్కరే. లోపల పీడనం వల్ల నీరు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత వదులవగానే ఒక్కసారిగా ఆవిరై ఎగజిమ్ముతుంది. ముఖం పక్కకు తిప్పి ఉన్నాను కాబట్టి మోచేతితో పోయింది. ఎర్ర ఫ్యూజు, అంటే 10 ఆంపియర్లది, రెండుసార్లు కాలిపోయిందని విసుగొచ్చి దాని చోట పసుపుది, 20 ఆంపియర్లది పెట్టాను. మూడోసారి ఫ్యూజు కాలలేదు, తీగ కాలింది. తర్వాత కొన్న కారులో ఏసీ ఫిల్టర్ నేనే మార్చాను. గాలి సరిగా రావడం లేదని గ్యాస్ కూడా పట్టించాను. ఎండాకాలమంతా చెమటలు కక్కాక తీసి చూస్తే ఫిల్టర్ తన ప్లాస్టిక్ కవరులో చెక్కుచెదరకుండా, కొత్త పెళ్ళికూతురిలా ఉంది.

ఇప్పుడు బ్రేకులు. ఇది నవ్వుతూ చెప్పలేను.

ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు అరిగిపోతే కొత్తవి వేశాను. కొత్తవి మందంగా ఉంటాయి కాబట్టి వాటిని నెట్టే లోపలి పిస్టన్‌ను వెనక్కి నొక్కాలి. నొక్కాను. నొక్కితే దాని వెనకున్న బ్రేక్ ఆయిల్ పైనున్న డబ్బాలోకి ఎగదన్నుతుంది. ఆ సంగతి తోచలేదు. పొంగి పొర్లింది. బ్రేక్ ఆయిల్ కారు రంగును తినేస్తుంది. మర్నాటికి బానెట్ కింద పొక్కులు లేచాయి. అది పోనివ్వండి. చక్రాలు బిగించి, జాకీ దింపి, ఎక్కి కూర్చుని, సెల్లారులో రివర్స్ చేశాను. బ్రేకు తొక్కాను. పెడలు నేలకు ఆనింది, కారు ఆగలేదు.

పిస్టన్ వెనక్కి వెళ్ళింది కదా, ప్యాడ్‌కూ డిస్క్‌కూ మధ్య సందు మిగిలి ఉంటుంది. మొదటి నాలుగైదు తొక్కుళ్ళు ఆ సందు పూడ్చడానికే సరిపోతాయి. అందుకే బండి కదపకముందే, నిలబడ్డ చోటే, పెడలు గట్టిపడేదాకా తొక్కుతూ ఉండాలి. ఇందులో ఉన్నది పాస్కల్ నియమం, ద్రవం మీద ఒకచోట నొక్కితే ఆ పీడనం అన్ని వైపులకూ సమానంగా పాకుతుందన్నది. ఏటా బోర్డు మీద బొమ్మ గీసి, చిన్న పిస్టన్, పెద్ద పిస్టన్ అని చెప్పిన పాఠం. హ్యాండ్‌బ్రేకు తీగతో పనిచేస్తుంది కాబట్టి అది లాగితే ఆగేది. నాకు హ్యాండ్‌బ్రేకు గుర్తొచ్చేలోపే స్తంభం వచ్చింది. ఆ స్తంభం చాటునే ఐదు నిమిషాల ముందు దాకా పిల్లలు దాగుడుమూతలు ఆడారు.

ఆ రోజు నుంచి బ్రేకుల పని అయ్యాక ఆ కుర్రవాణ్ణి పిలిచి చూపించి, వాడు సరే అన్నాకే బండి కదుపుతున్నాను. పరీక్ష పెట్టేది వాడు, రాసేది నేను. అలాగే జాకీ మీద మాత్రమే ఆనిన కారు కింద ఎవరూ దూరవద్దు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పేర్చి దూరేవాళ్ళను ఈ ఊళ్ళోనే చూశాను. బరువు ఒక పక్కకు ఒరిగితే అవి పిండి అవుతాయి. చక్రాలు నేల మీదుండగా చేసుకోలేని పని ఉంటే ఇనుప స్టాండ్లు కొనండి, లేదా షెడ్డుకు తీసుకెళ్ళండి.

పాత ఆయిల్ ఏం చేశారని ఇందాక బయట ఒకరు అడిగారు. మురుగు కాలువలో పోయకండి. డబ్బాలో పట్టి షెడ్డులో ఇవ్వండి, వాళ్ళ దగ్గర పోగుచేసి తీసుకెళ్ళేవాళ్ళు వస్తారు. బేసిన్ మాత్రం మళ్ళీ వంటింట్లోకి పోలేదు.

సమయం అయిపోయిందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క నిమిషం. మొన్న ఆదివారం కొత్త కారు కింది ప్లాస్టిక్ తొడుగు విప్పి ఆయిల్ మార్చాను. సరైన ప్లగ్గే విప్పాను, నల్లటి నూనే వచ్చింది. అంతా బిగించి చేతులు కడుక్కున్నాక చొక్కా జేబులో ఇది దొరికింది. ఇదిగో, వెనక వాళ్ళకు కనబడుతోందా? పది నంబరు బోల్టు. ఎక్కడిదో తెలియదు. మా కుర్రవాడు కూడా ఈ సభకు వచ్చాడు, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఏమయ్యా, ఒకసారి ఇలా వచ్చి చూసి చెప్పు.